అరువు కల్వం

మొలకెత్తిన ఆముదం గింజల్లో నూనెను విరగ్గొట్టే ఎంజైము ఒకటి ఉంటుంది. 1963లో నరసరావుపేట కాలేజీలో డిమాన్‌స్ట్రేటరుగా ఉన్న నాకు దాన్ని బయటికి తీయాలని పిచ్చి పట్టింది. గింజల్ని తడి గోనెలో అయిదు రోజులు ఉంచి, పొట్టు వలిచి, మంచునీళ్ళు పోసి మెత్తగా నూరాలి. లాబులో పింగాణీ కల్వం పగిలి ఏడాదయింది. పక్కింటి మైమూనక్క రాతికల్వం అరువడిగి ఇంట్లోనే నూరుకున్నాను. మూడుసార్లు కడిగి శనివారం సాయంత్రం తిరిగిచ్చేశాను.

సోమవారం పొద్దున నా రసం గంటలో నూనెను ఆమ్లంగా మార్చేసింది. ఎగురుకుంటూ వెళ్ళి లెక్చరర్ సుందరరావుగారికి చూపించాను.

"చేతులు కడుక్కున్నావా? ఆ గింజలో విషం కూడా ఉంటుందయ్యా కృపానందం. చిటికెడు చాలు, పసిబిడ్డ దక్కడు. బాగా మరగబెడితేనే అది చస్తుంది. ఇంతకీ దేంట్లో నూరావు?"

ఈ ముక్క ముందే చెప్పి ఏడవొచ్చుగా! ఆ కల్వంలోనే మైమూనక్క రోజూ వస, కరక్కాయ నూరి తన మూడు నెలల కొడుకు కరీముల్లాకు వేలితో నాకిస్తుంది. పచ్చిగానే. రాతి గరుకులో ఇరుక్కున్నది మూడు కడుగులకు పోతుందా?

సైకిలెక్కి ఇంటివైపు తొక్కాను. చదువుకున్న వెధవని, పొరుగింటి బిడ్డను చంపేశాను. ప్రభువా, నన్నేమైనా చెయ్యి, వాణ్ణి వదిలెయ్యి.

వాళ్ళింట్లో ఉయ్యాల కదలడం లేదు.

"అక్కా! పిల్లాడికి మందు నాకించావా?"

"ఇందాకే. ఏంది తమ్ముడూ ఆ మొహం?"

గడప మీదే కూలబడి, ఏడుస్తూ అంతా చెప్పాను. ఆమె అరవలేదు.

"నీ పెరట్లో ఆముదం పొట్టు చూశాలే. మా ఆయన గానుగలో చేసేవాడేగా. ఆముదం చెక్క చేలో ఎరువేస్తాం గానీ గొడ్డుకన్నా పెడతామా? కల్వాన్ని కాగులో వేసి రెండు గంటలు మరగబెట్టా."

"నాతో ఒక్క మాట అనొచ్చుగా!"

"కడిగిచ్చినదాన్ని మళ్ళీ కడిగానంటే చిన్నబుచ్చుకుంటావని."

పోయిన ప్రాణం లేచొచ్చింది. కళ్ళు తుడుచుకుని లేవబోయాను.

"అయినా మనసొప్పలా," అంది ఆమె. "నిన్న పొద్దున దాంట్లో మందు నూరి ముందు నేనే వేలితో నాకా. ఇయ్యాల్టిదాకా చూశా, నాకేం కాలా. అప్పుడు బిడ్డకు పెట్టా. మీ కాలేజీలో పరీక్షలు చేస్తారే, అట్టాంటిదే."

ఉయ్యాల్లో కరీముల్లా పాలకోసం ఏడుపందుకున్నాడు. ఆమె వాణ్ణి ఎత్తుకుని ఒళ్ళో వేసుకుంది. నేను మళ్ళీ గడప మీద కూలబడ్డాను. ఆ విషం చావకపోయుంటే ముందు పోయేది ఆమే. ఆమె మొహం మీంచి చూపు తిప్పుకోవాలంటే భయమేసింది.