కంచెల పదవికి హైరమ్ పోటీ

మా టిల్సన్ ఊరు హైరమ్ పెల్టియేని ఒక్కసారి కూడా గెలిపించలేదు. వెర్మాంట్ రాష్ట్రమంతా అతణ్ణి నెత్తిన పెట్టుకుంది. సరస్సు పక్కనున్న పట్నం మేయర్ని చేసింది, తర్వాత జనం అమెరికా కాంగ్రెస్ దిగువ సభకు పంపారు, ఆ తర్వాత సెనేట్‌కు పంపి ఇక అక్కణ్ణుంచి దింపనేలేదు. పుట్టిన ఊళ్ళో మాత్రం ఏ ఎన్నికలో చూసినా ఓటమే. ఎదుటివాడు ఎవడైనా సరే, మావాళ్ళు వాడికే గుద్దేవారు. ఒకసారి ఎదుటివాడు ప్రచారం మధ్యలోనే విసుగెత్తి పోటీ మానుకున్నా, మా ఊళ్ళో మెజారిటీ అతనికే వచ్చింది. ఏం ఊరండీ ఇది!

నా పేరు డెల్ఫీన్ గార్నో. బడి బస్సు నడుపుతాను. ఎన్నికలొస్తే హైరమ్ కారు కూడా నేనే నడుపుతాను. అతని చేతికి స్టీరింగు ఇవ్వకూడదు. మందుల ధరల గురించి మాట్లాడటం మొదలెట్టాడంటే రెండు చేతులూ గాల్లోకి లేస్తాయి. అలా రెండు కార్లు కాలవలో పడ్డాక, వాళ్ళావిడ బతికున్న రోజుల్లోనే నన్ను పిలిచి తాళాలు నాకిచ్చేసింది.

హైరమ్ ఏ పార్టీలోనూ చేరలేదు. కుర్రతనంలో మొదటిసారి నిలబడ్డప్పుడు, "ఏ పార్టీ తరఫునయ్యా?" అని అడిగితే, "మీ తరఫున" అనేవాడట. జనం పడీపడీ నవ్వారు. ఓడిపోయాడు. మళ్ళీ నిలబడ్డాడు, మళ్ళీ ఓడిపోయాడు. తోళ్ళ ఫ్యాక్టరీ ఉన్న ఊళ్ళో అయితే కుక్కల్ని ఉసిగొల్పారు. ఇంకొకడైతే ఆ ఊరి పేరెత్తడు. ఇతను నేరుగా వెళ్ళి ఆ ఊళ్ళోనే మంగలి షాపు మీద గది అద్దెకు తీసుకున్నాడు. ఇంటింటికీ వెళ్ళి, మీ కోపమేమిటో చెప్పండని అడిగాడు. వాళ్ళు ఓటేసేదాకా గది ఖాళీ చెయ్యలేదు. గెలిచిన ఊరివాళ్ళకు మాత్రం కృతజ్ఞతలు చెబుతూ ఒక కార్డు వచ్చేది, అంతే. మనిషి కనబడేవాడు కాదు.

అలా పైకొచ్చాడు. పల్లెటూళ్ళకు పళ్ళ డాక్టరు బండి తిరుగుతోందంటే అది హైరమ్ పట్టుబట్టి సాధించిందే. ముసలివాళ్ళ మందుల ధర తగ్గించే చట్టం కోసం ఏళ్ళ తరబడి చెవిలో జోరీగలా పోరాడి ఆఖరికి నెగ్గించుకున్నాడు. పెద్ద కంపెనీవాళ్ళు విందుకు పిలిస్తే, కోటు జేబులో శాండ్‌విచ్ పెట్టుకుని వెళ్ళి అదే తినొచ్చేవాడు.

ఈ చలికాలం, ఇక పోటీ చెయ్యనని చెప్పేశాడు. రాష్ట్ర రాజధానిలో పెద్ద సభ చేశారు. గోడకు నిలువెత్తు పటం పెట్టారు. మేయరైన రోజు, కాంగ్రెస్‌లో అడుగుపెట్టిన రోజు, చట్టం నెగ్గిన రోజు, అన్నీ వరసగా తెర మీద చూపించారు. నాకు కళ్ళు చెమర్చాయి. హైరమ్ మాత్రం పంటి నొప్పి ఉన్నవాడిలా ముఖం పెట్టుక్కూర్చున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు కార్లో అడిగాను. "ఏమయ్యా, అంత గొప్పగా చేస్తే ఆ ముఖమేమిటి?"

"వాళ్ళ వరసలో ఒకటి తక్కువైంది డెల్ఫీన్. టిల్సన్."

"ఇప్పుడా ఏడుపు? నీకింక ఎన్నికలెక్కడున్నాయి?"

"మార్చి సభలో కంచెల పదవి భర్తీ చెయ్యాలిగా."

నాకు నవ్వాగలేదు. మా ఊళ్ళో ఏటా మార్చిలో మొదటి మంగళవారం ఊరంతా బడి హాల్లో కూర్చుని, ఖర్చులు, పదవులు అక్కడికక్కడే నోటితో తేల్చుకుంటుంది. పక్కింటివాళ్ళిద్దరూ కంచె కోసం కొట్టుకుంటే వెళ్ళి తీర్పు చెప్పేవాడు ఆ కంచెల పెద్ద. జీతం లేదు, పనీ లేదు. పాత కంచెల పెద్ద పోయిన ఆకురాలే కాలంలో కాలం చేశాడు. తన పదవీకాలమంతా ఒక్క కంచె దగ్గరికీ వెళ్ళలేదు పాపం. సెనేటర్‌గారు ఆ పదవికి నిలబడతారట!

అద్దంలోకి చూశాను. హైరమ్ నవ్వడం లేదు. "ఒక్కసారి మావాళ్ళు ఔననాలి. అది వింటే చాలు నాకు. మా చెల్లెలు ఫ్లోరిడా రమ్మని పోరుతోంది, ఈ మోకాళ్ళకు ఇక్కడి చలి పడటం లేదు. హాయిగా వెళ్ళిపోతాను."

ఈ మనిషి లేకుండా నేను ఎవరిమీద అరవాలి? కానీ ఒక మనిషి జన్మంతా కోరుకున్నది ఇంత చిన్నదైతే, అది కూడా దక్కకపోవడం అన్యాయం కాదూ? ఎలాగైనా గెలిపించాలనుకున్నాను.

మర్నాటి నుంచే బురదలో బూట్లు ఈడ్చుకుంటూ ఇంటింటికీ తిరిగాను. ముందు ఎల్వుడ్ కాట్రెల్ దగ్గరికి వెళ్ళాను. పాడి రైతు, హైరమ్‌తో చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు, ఊళ్ళో హైరమ్ వ్యతిరేకులందరికీ పెద్ద. షెడ్డులో మేపుల్ చెట్ల రసం పాకానికి కాస్తున్నాడు. ఆవిరికి మనిషి సరిగ్గా కనబడలేదు.

"ఎల్వుడ్, ఈ ఒక్కసారి పంతం మానుకో. పాపం ముసలాడు. ఇక్కడ గెలిస్తే ఇంకేమీ అక్కర్లేదంటున్నాడు. సంతోషంగా ఫ్లోరిడా వెళ్ళిపోతాడు."

గరిటె ఆగింది. "ఫ్లోరిడానా?"

"గెలిచిన మర్నాడే సామాను సర్దుకుంటాడు. నీకూ పీడా వదుల్తుంది కదా?"

"ఓహో" అన్నాడు ఎల్వుడ్. నాకో గిన్నెడు వేడి పాకం పోసి, తీపికి విరుగుడుగా పక్కన ఊరగాయ దోసకాయ ముక్క కూడా పెట్టాడు. ఎల్వుడ్ నాకు ఎప్పుడూ ఏమీ పెట్టి ఎరగడు. దారికొచ్చాడనుకున్నాను.

అందరిదగ్గరా అదే పాట పాడాను. గెలిపించండి, హాయిగా వెళ్ళిపోతాడు. అందరూ శ్రద్ధగా విన్నారు. ఎప్పుడు వెళ్తాడు, ఇల్లు అమ్ముతాడా, అని అడిగారు. సభ నడిపే ప్రుడెన్స్ హోయిట్ అయితే, "బాగా ఆలోచిస్తాం డెల్ఫీన్, నువ్వు దిగులు పడకు" అని నా భుజం తట్టింది. ఆవిడ ఎవరి భుజమూ తట్టే రకం కాదు. మా ఊళ్ళో ఇంత మంచితనం ఉందా అని నేనే ఆశ్చర్యపోయాను.

మంగళవారం వచ్చింది. హాలు కిక్కిరిసింది. పొద్దుటి పూటంతా మంచు తోసే లారీ కొత్తది కొనాలా, పాతదానికే టైర్లు మార్చాలా అని కొట్టుకోవడంతో సరిపోయింది. ఆడవాళ్ళు తలెత్తకుండా స్వెట్టర్లు అల్లుతూనే ఇద్దర్ని మాటల్తో మట్టి కరిపించారు. మధ్యాహ్నం చిక్కుడుగింజల కూర, పంది మాంసం, యాపిల్ కూరి కాల్చిన తీపి పై తిని అందరూ మెత్తబడ్డాక కంచెల పదవి వచ్చింది.

నేను లేచి హైరమ్ పేరు చెప్పాను. వెంటనే ఎల్వుడ్ లేచి తన పేరు తనే చెప్పుకున్నాడు. నేను నోరు వెళ్ళబెట్టాను. ఊరు మొత్తంలో అందరికన్నా దిక్కుమాలిన కంచె ఎల్వుడ్‌దే. అతని ఆవులు పొలంలో కంటే రోడ్డు మీదే ఎక్కువుంటాయి.

హైరమ్ ముందుకొచ్చాడు. సెనేట్‌లో బల్లలు గుద్దిన మనిషి, టోపీ చేతిలో నలుపుతూ నిలబడ్డాడు.

"ఈసారి పన్నుల మాట ఎత్తను, పాల ధర మాట ఎత్తను. నన్నిక్కడ మీవాడని ఒక్కసారి అంటే వినాలని ఉంది. అంతే."

ఆడవాళ్ళ అల్లిక సూదులు ఆగాయి.

"హైరమ్‌కు సమ్మతమైనవాళ్ళు ఔననండి" అంది ప్రుడెన్స్.

"ఔను!" అని అరిచాను. హాలంతటిలో నా గొంతు ఒక్కటే. నా తర్వాత ఎవరో ఒకరు అంటారని చుట్టూ చూశాను. ఎవరూ అనలేదు.

"ఎల్వుడ్‌కు?"

"ఔను!" పైకప్పు ఎగిరిపోయేలా అరిచారు. నా ఇంటి పక్కవాళ్ళు కూడా.

నాకు ఒళ్ళు మండిపోయింది. కుర్చీ ఎక్కాను. "మీకసలు మనసంటూ ఉందా? మీ పిల్లల పళ్ళు బాగుచేయించింది ఎవరు? మీ మందుల కోసం అరిచి గొంతు పోగొట్టుకుంది ఎవరు? జీతం లేని పదవయ్యా ఇది! ఇది కూడా ఇవ్వలేరా ఈ ముసలాడికి?"

ప్రుడెన్స్ సుత్తితో బల్ల మీద కొట్టింది. "దిగు డెల్ఫీన్. వరస తప్పి మాట్లాడుతున్నావు."

హైరమ్ కోటు తీసుకున్నాడు. ఒక చెయ్యి దూర్చాడు, రెండో చేతికి కోటు దొరకడం లేదు. "పోనీలే డెల్ఫీన్, పద" అన్నాడు. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది.

"ఒరేయ్ హైరమ్, కూర్చోరా" అన్నాడు ఎల్వుడ్.

"ఇంకా ఏం చెయ్యాలయ్యా అతన్ని?" అన్నాను నేను.

"నువ్వు కాసేపు నోరు మూస్తే చెబుతా. గెలిస్తే మర్నాడే ఫ్లోరిడా పోతాడని ఇల్లిల్లూ తిరిగి చాటింది నువ్వే కదూ?"

"అయితే?"

"అయితే ఎవరు గెలిపిస్తారు?" ఎల్వుడ్ హాలు వైపు తిరిగాడు. "వీడు గెలిచిన ఊరి మొహం మళ్ళీ ఎప్పుడైనా చూశాడా? ఓడిన ఊరు వదిలిపెట్టి ఎప్పుడైనా పోయాడా? చెప్పండి!"

హాలంతా ఘొల్లున నవ్వింది. ప్రుడెన్స్ సుత్తి ఎత్తింది గానీ కొట్టలేదు. ఆవిడ కూడా నవ్వుతోంది. అప్పుడు గానీ నాకు వెలగలేదు. ఇల్లిల్లూ తిరిగి నడిపిన ప్రచారమంతా నేను ఇతన్ని ఓడించడానికే నడిపాను!

హైరమ్ ఒక చేతికి కోటుతో అలాగే నిలబడిపోయాడు. "అంటే... ఇన్నేళ్ళూ కూడా అందుకేనా? నేను వస్తూ ఉండాలనేనా?"

"లేదు లేదు" అన్నాడు ఎల్వుడ్ కంగారుగా. "ఇన్నేళ్ళూ నువ్వు గిట్టకే ఓడించాం. నీ పన్నుల గోల నాకిప్పటికీ గిట్టదు. ఈ ఒక్కసారే, నువ్వంటే ఇష్టమై ఓడించాం."

హైరమ్ కూర్చున్నాడు. టోపీతో కళ్ళు తుడుచుకున్నాడు, దాంతోనే ముక్కూ చీదాడు. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని దగ్గరికి వెళ్ళాను. నవ్వుతున్నాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. ఎవరో నీళ్ళిచ్చారు, ఇంకెవరో భోజనాల్లో మిగిలిన యాపిల్ పై ముక్క తెచ్చి చేతిలో పెట్టారు.

"ఎల్వుడ్, నీ కంచెనే అందరికీ చూపించి వచ్చే మార్చిలో నిన్ను చిత్తుచిత్తుగా ఓడిస్తాను" అన్నాడు, నోటినిండా యాపిల్‌తో.

"రా చూద్దాం! మళ్ళీ ఓడిస్తాం" అని వెనక బెంచీల నుంచి కేకలు.

ఇంటికి తీసుకెళ్ళేటప్పుడు నాకింకా కోపం తగ్గలేదు. ఊరిమీదా, ఎల్వుడ్‌మీదా, అన్నింటికన్నా నా నోటిమీదా. దారంతా తిట్టుకుంటూ నడిపాను. హైరమ్ ఏమీ వినడం లేదు. ఫోన్ తీసి చెల్లెలి నంబరు వెతుకుతున్నాడు.

"ఏమని చెబుతావు ఆవిడకి?"

"ఏముంది, టిల్సన్‌లో ఓడిపోయాను, రాలేనని చెబుతాను."

సెనేట్‌కు మొదటిసారి గెలిచిన రోజు కూడా ఈ కార్లోనే ఇంటికి తీసుకెళ్ళాను. ఆ రోజు కూడా ఇంత సంతోషంగా లేడు.