ఎడమకు లాగే బండి

ఆ ఏడాది మా హాస్టల్లో ఏం జరిగినా చేసింది నేనే. వార్డెనుగారి సైకిలు నీళ్ళ ట్యాంకు మీదికెక్కింది నావల్లే. సాంబారు పల్చబడింది నావల్లే. 1968 ఫిబ్రవరిలో ఎండలు ముందుగా వస్తే దానికి కూడా నన్నే పిలిచి అడిగారు. సైకిలు సంగతి మాత్రం నిజం. మిగతావి కూడా ఒప్పుకునేవాణ్ణే గాని నాకంత సమయం లేదు.

సైకిలుకు శిక్షగా వార్డెనుగారు నన్ను రెండు రోజులపాటు యూనివర్సిటీ మైదానానికి పంపారు. నడుములు, మెడలు విరిగినవాళ్ళకు అక్కడ చక్రాల బండ్ల మీద ఆటలపోటీలు. ఒక్కో బండికి ఒక్కో కుర్రాడు కావాలట.

"చెన్నకేశవులూ, అక్కడ ఒక్కసారి నవ్వినావని తెలిసినా నిన్ను మీ ప్రొద్దుటూరు బండెక్కిస్తా" అన్నారు.

నాకు అప్పగించిన మనిషి పేరు బిక్షం. తార్నాకలో, రాములవ్వ కిరాణా కొట్టు పక్క గదిలో అక్క సోమమ్మతో ఉండేవాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. భుజాలు కదులుతాయి, మోచేతులు వంగుతాయి, వేళ్ళు మాత్రం మూసుకోవు. రొమ్ము కిందినుంచి ఆయన ఒళ్ళు ఆయనకే తెలియదు. ఆయన బండిని లాలాగూడలో ఒక వెల్డరు సైకిలు చక్రాలతో తయారుచేశాడు. ఇనుము మిగిలితే పాడవుతుందని అంతా దానికే పెట్టేసినట్టున్నాడు. దాన్ని తార్నాకనుంచి క్యాంపసుదాకా తోసినవాడికి పరీక్ష పెట్టకుండా డిగ్రీ ఇచ్చేయవచ్చు.

అదీగాక అది ఎడమకు లాగేది. సీదాగా తోస్తుంటే నెమ్మదిగా, ఎవరో కొసపట్టుకుని వెనక్కి గుంజినట్టు ఎడమకు తిరిగేది. నా కుడి మణికట్టు వాచింది.

"ఏందన్నా, వెల్డరు తాగి చేసినాడా దీన్ని?" అన్నాను.

"వెల్డరుది తప్పు లేదు. బండి మంచిగనే ఉన్నది."

"మరి ఎడమకు ఎందుకు పోతాంది?"

"ఎడమ దిక్కు ఇన్నయ్య ఉన్నడు."

నేను ఎడమవైపు చూశాను. గోడకింద ఒక మేక తప్ప ఎవరూ లేరు. మేక పేరు ఇన్నయ్య అయ్యుండదనుకున్నాను.

"కాలు పట్టుకున్నడు" అన్నాడు బిక్షం. "నువ్వు తొయ్యిరా, పొద్దెక్కుతున్నది."

దారిలో ఆయనే చెప్పాడు. రెండేళ్ళ కింద ఆయనా ఇన్నయ్యా హమాలీలు. పత్తి బోరాల లారీ మీద, పైన కూర్చుని వస్తున్నారు. మలుపులో లారీ ఒరిగింది. బిక్షం జారిపోతుంటే ఇన్నయ్య ఆయన ఎడమ కాలిమడమ పట్టుకున్నాడు. ఇన్నయ్య కుడిచేతికి మూడే వేళ్ళు. రెండు చిన్నప్పుడే చెరకు గానుగలో పోయాయి. ఆ మూడు వేళ్ళతోనే పట్టుకున్నాడు. ఇద్దరూ పడ్డారు.

"వాడు ఇడిసిపెడితె బతుకుతుండె తమ్మీ. మోకు వాని చేతికాడనే ఉండె. ఇడిసిపెట్టలె. ఇప్పటిదాంక ఇడిసిపెట్టలె."

జిల్లాలోకెల్లా పెద్ద అబద్ధాలకోరునని నాకు మంచి పేరుంది. అది కష్టపడి సంపాదించుకున్నది. ఇంత నెమ్మదిగా, మొహంలో గీత కదలకుండా నన్ను మించి చెప్పేవాణ్ణి చూసేసరికి కొంచెం అసూయ కలిగింది.

ఆటలకు ముందు వర్గీకరణ ఉంటుంది. వెన్నులో దెబ్బ ఎక్కడ తగిలిందో డాక్టరు చూసి తరగతి రాస్తారు. మెడ విరిగినవాళ్ళది ఒకటో తరగతి. దెబ్బ కిందికి దిగేకొద్దీ తరగతి పెరుగుతుంది. బిక్షానికి ఒకటే ఆట వచ్చు. తాలీంఖానాలో పహిల్వాన్లు తిప్పే ముగ్దరు ఉంటుంది చూడండి, అలాంటిదే చిన్న చెక్కది, మూసుకోని వేళ్ళ మధ్య ఇరికించుకుని విసరడం. ఒకటో తరగతిలో ఆయన్ని కొట్టేవాడు లేడు. రెండో తరగతిలో అయితే అందరికీ వేళ్ళు పనిచేస్తాయి. అక్కడ ఆయన ఆఖరు.

ఒకటో తరగతి ముగ్దరులో గెలిచినవాణ్ణి బొంబాయి పోటీలకు తీసుకుపోతారు. అక్కడ మడతపెట్టే తేలిక బండి ఇస్తారు. చేతులు ఎంత బలహీనంగా ఉన్నా మనిషి తానే తోసుకోవచ్చట. బిక్షాన్ని అటూ ఇటూ తోసుకు తిప్పడానికే సోమమ్మ పని మానేసి రెండేళ్ళయింది. పొద్దున బయల్దేరేటప్పుడు ఆమె నాతో ఒక్కటే అన్నది. "ఎట్లన్న ఒకటో తరగతి రావాలె బిడ్డా. గా బండి వస్తె నేను మల్ల పనికి పోత."

మైదానం పక్కన ఒక ఖాళీ క్లాసు గదిలో డాక్టర్ అమృతమ్మగారు బల్లమీద దుప్పటి పరిచి కూర్చున్నారు. మిలిటరీ ఆస్పత్రిలో చాలా ఏళ్ళు చేసిన మనిషి. నలుగురం బిక్షాన్ని బల్లమీదికెక్కించాం. ఆవిడ ఒక్కో కండరం పట్టి చూసి మార్కు చెప్తే నేను రాయాలి. పూర్తి బలానికి అయిదు, చచ్చుపడితే సున్నా.

"కుడి తొడ, సున్నా. కుడి పాదం, సున్నా. వేళ్ళు, సున్నా, సున్నా."

నా రసాయనశాస్త్రం మార్కులు చదువుతున్నట్టే ఉంది గాని ఆ మాట పైకి అనలేదు.

తరువాత సూది పరీక్ష. కళ్ళమీద తువ్వాలు వేసి, ఆవిడ సూదితో గుచ్చుతూ "ఇప్పుడు?" అంటారు. తెలిస్తే "ఆ" అనాలి, లేకపోతే "లేదు" అనాలి. మధ్యమధ్యలో ఊరికే, ముట్టుకోకుండా కూడా అడుగుతారు.

కుడి కాలంతా "లేదు."

ఎడమ తొడ, "లేదు." ఎడమ మోకాలు, "లేదు."

ఆవిడ సూది పక్కన పెట్టి, చేతులు కట్టుకుని, "ఎడమ మడమ. ఇప్పుడు?" అన్నారు.

"ఆ" అన్నాడు బిక్షం.

ఆవిడ కళ్ళజోడు పైకి జరుపుకున్నారు. "ఏం తెలిసింది?"

"పట్టుకున్నరు."

"ఎవరూ ముట్టుకోలేదు బిక్షం. మళ్ళీ చెప్పు. ఇప్పుడు?"

"ఆ. ఇడిసిపెట్టలె. మూడు వేళ్ళు."

ఆవిడ సూది గుచ్చారు. "ఆ." గుచ్చకుండా అడిగారు. "ఆ." ఆరుసార్లు అడిగితే ఆరుసార్లూ "ఆ".

"ఇట్లా అయితే నేనేం చెయ్యను?" అన్నారు ఆవిడ. "స్పర్శ ఉందా లేదా నాకు తేలడం లేదు. డౌట్ ఉన్న కేసు పై తరగతిలోకే పోవాలి, అదీ రూలు. కేశవులూ, రెండు అని రాయి."

పెన్ను కాగితం మీద పెట్టాను. అప్పుడే ఆ కాలు చూశాను.

చచ్చుపడిన కాళ్ళు నీరుపట్టి ఉబ్బుతాయి. నొక్కితే పిండిలో నొక్కినట్టు గుంట పడి కాసేపు అలాగే ఉంటుంది. బిక్షం ఎడమ మడమ మీద మూడు గుంటలున్నాయి. బొటనవేలిది ఒకవైపు, రెండు వేళ్ళవి మరోవైపు. నేను చూస్తుండగానే అవి ఇంకొంచెం లోతయ్యాయి.

డాక్టరమ్మ కాగితాలు చూసుకుంటున్నారు. నేను దుప్పటి అంచు లాగి ఆ కాలు కప్పేశాను. అంతవరకు నేను చెయ్యని ఘనకార్యం లేదు గాని, భయంతో పని చెయ్యడం అదే మొదలు.

"మేడం" అన్నాను. "తప్పు నాది. మిమ్మల్ని భయపెట్టాలని నేనే నేర్పినా. ఎడమ కాలు అడిగితే ఎవరో పట్టుకున్నారని చెప్పమని. పందెం కట్టినాం."

"ఏంటీ?"

"సైకిలు ట్యాంకు మీదికెక్కించింది గూడా నేనే. కావాలంటే వార్డెనుగారిని అడగండి."

ఆవిడకు నమ్మకం కుదిరింది. జీవితంలో మొదటిసారి నా పేరు నాకు పనికొచ్చింది.

"ఒక మనిషి బతుకు నీకు తమాషానా? ఇడియట్! బయటికి నడు. బిక్షం, వీడు చెప్పింది నిజమేనా?"

గదిలో ఎండ పడుతోంది. దూరంగా మైదానంలో ఎవరో ఈల వేస్తున్నారు.

"వీడు చెప్పమంటేనే చెప్పినవా?"

"ఆ" అన్నాడు చివరికి.

నేను వరండాలో, కిటికీ పక్కన నిలబడ్డాను. మళ్ళీ మొదటినుంచి పరీక్ష చేశారు. కుడి కాలు అయింది. ఎడమ మోకాలు అయింది.

"ఎడమ మడమ. ఇప్పుడు?"

చాలాసేపటికి వచ్చింది జవాబు. "లేదు."

"ఎవరైనా పట్టుకున్నట్టు ఉందా?"

"లేదు."

"సరిగ్గా చెప్పు. ఎవరైనా ఉన్నారా?"

"ఎవ్వరు లేరమ్మా" అన్నాడు బిక్షం. "గీడ ఎవ్వరు లేరు."

ఒకటో తరగతి రాశారు.

సాయంత్రం ఆయన్ని బండిలో కూర్చోబెట్టి బయల్దేరాను. క్యాంపసు గేటు దాటేదాకా నాకేమీ తోచలేదు. రోడ్డు ఎక్కాక చూస్తే, నా మణికట్టు నొప్పి పెట్టడం లేదు. బండి గీత గీసినట్టు సీదాగా పోతోంది. ఒక్క వేలితో తోసినా పోయేట్టుంది.

బిక్షం ఒకసారి ఎడమవైపుకు వంగి చూశాడు. కాసేపాగి మళ్ళీ చూశాడు.

"బండి సీదా పోతున్నదేందిరా?"

"మంచిదే కదన్నా."

"జర ఆపు."

ఆపాను. "నా ఎడమ కాలు పట్టుకో. రెండు వేళ్ళు మడువు."

రోడ్డుమీద మోకాళ్ళ మీద కూర్చుని, చిటికెన వేలూ ఉంగరపు వేలూ మడిచి, ఆయన మడమ గట్టిగా పట్టుకున్నాను. చల్లగా ఉంది. గుంటలు ఏవీ లేవు. లాలాగూడ బస్సు మమ్మల్ని తప్పించుకుని పోతూ హారన్ కొట్టింది.

"పట్టుకున్నవా?"

"పట్టుకున్నా."

"తెలుస్తలేదు" అన్నాడు. తార్నాకలో ఇంటి ముందు, అక్క అందుకోవడానికి వస్తుంటే, నావైపు తిరక్కుండానే అన్నాడు. "రేపు రాకు. నేను ఇసర. రెండేండ్లు ఇడవనోణ్ణి, నోటితోని ఎవ్వడు లేడంటి. నాతోని ఎందుకుంటడు?"

సోమమ్మ నన్ను పక్కకు లాగింది. "ఏం జేసినవ్ రా నా తమ్మునికి? పొద్దుగాల మంచిగనే పోయె గదా!"

ఏమీ చెయ్యలేదని చెప్పాను. నేను ఆ మాట అంటే ఎవరూ నమ్మరు. ఆమె కూడా నమ్మలేదు.

పొద్దున్నే వెళ్ళాను. బండి రాములవ్వ కొట్టు అరుగుపక్కన ఉంది. రాములవ్వ లోపల బియ్యం చెరుగుతోంది. తక్కెడ పక్కన రెండు కిలోల తూకం రాయి కనిపించింది. సుతిలితాడుతో దాన్ని బండి ఎడమ కాలిపలక కిందికి, చక్రం పక్కన, ఎవరికీ కనబడకుండా కట్టాను. మూడు ముళ్ళు వేశాను. నా చిలిపి పనుల చరిత్రలో ఇంత జాగ్రత్తగా చేసింది లేదు.

బిక్షం రానంటే రానన్నాడు. సోమమ్మ తిట్టి, ఏడ్చి, చివరికి ఎత్తి తెచ్చి బండిలో కూలేసింది. కొట్టు ముందు మోరీ కాలువ దాటేటప్పుడు బండి ఎగిరిపడింది. ఆయన తల వేలాడేసుకునే ఉన్నాడు.

పది గజాలు పోయాక బండి ఎడమకు తిరిగింది.

నేను సరిచేశాను. మళ్ళీ తిరిగింది. బిక్షం తల మెల్లగా పైకి లేచింది.

"తమ్మీ."

"ఏందన్నా."

"ఏం లేదు. తొయ్యి."

వెనకనుంచి ఆయన మొహం నాకు కనపడదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. నేను నవ్వు ఆపుకోవడానికి నాలుక కొరుక్కున్నాను. దారంతా మణికట్టు నొప్పి పుట్టింది. అంత సంతోషంగా నొప్పి పడ్డది నేనొక్కణ్ణే.

ఆ రోజు ముగ్దరు విసరడానికి ఒకటో తరగతిలో అయిదుగురు. బిక్షం వంతు వచ్చినప్పుడు ఎడమవైపు వంగి ఏదో అన్నాడు. నాకు వినపడలేదు, నాతో అన్నది కాదు. విసిరాడు. ముగ్దరు లేచి, ఎండలో ఒకసారి మెరిసి, మిగతావాళ్ళవి పడిన చోటు దాటి పోయి పడింది. టేపు పట్టుకున్నవాళ్ళు రెండుసార్లు కొలిచారు. డాక్టర్ అమృతమ్మగారు దూరంనుంచే నన్ను గుర్తుపట్టి మొహం తిప్పుకున్నారు. బొంబాయి పోయేవాళ్ళ పట్టీలో మొదటి పేరు బిక్షానిది రాశారు.

తిరిగి వస్తుంటే ఆయన అన్నాడు. "ఇయ్యాల మంచిగ పట్టుకున్నడురా. నిన్న గంత మాట అన్నా పోలె."

"అవునన్నా" అన్నాను. రెండు కిలోల తూకం రాయి, మనసులో అనుకున్నాను. ఎప్పుడో ఒకప్పుడు, బొంబాయి పోయి వచ్చాక, బండి మారాక చెప్పాలనుకున్నాను. చెప్పి ఇద్దరం నవ్వుకోవాలనుకున్నాను.

తార్నాక మలుపులో బండి బలంగా ఎడమకు లాగింది. రెండు చేతులూ పెట్టి తిప్పాల్సి వచ్చింది.

కొట్టు ముందు రాములవ్వ నడుంమీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"ఓ కేశవులూ! నా తూకం రాయి నీకెందుకురా? తీస్తె తీసినవ్, మోరీల పారేసి పోతవా? పొద్దటిసంది గీడనే పడున్నది. దినమంత పక్కకొట్టు రాయితోని జోకుకున్న!"

చెయ్యి చాపి చూపించింది. రెండు కిలోల రాయి. సుతిలితాడు దానికే ఉంది. మూడు ముళ్ళూ ముళ్ళలాగే ఉన్నాయి.

నేను వంగి కాలిపలక కింద చెయ్యి పెట్టి చూశాను. ఇనుము తప్ప ఏమీ తగల్లేదు.

"ఏమైంది తమ్మీ?" అన్నాడు బిక్షం పైనుంచి.

ఆయన ఎడమ మడమ నా కళ్ళకెదురుగానే ఉంది. లుంగీ అంచు కొంచెం పైకి లేచి ఉంది. నేను చూడలేదు.

"ఏమీ లేదన్నా" అని లేచి పిడి పట్టుకున్నాను. సోమమ్మ గుమ్మం ఇంకా నాలుగు గజాలుంది. బండి ఎడమకు తిరిగింది. నేను తోశాను.