మైదానంలో ముగ్గురక్కలు

మో జూరాన్ మోకాలి నరం తెగిన చప్పుడు గోల్ కీపర్‌దాకా వినిపించిందంటారు. జూరాన్‌కి మాత్రం అంతకుముందు వినిపించిన కేక ఒక్కటే గుర్తుంది. "అక్కా, వెనక!"

ఆ కేక వేసింది బిన్నా. ఇరవయ్యేళ్ళ పిల్ల, జట్టులో అందరికంటే చిన్నది. మధ్యవరుసలో బిన్నా అక్కా అని పిలిచేవాళ్ళు ముగ్గురున్నారు. ఇద్దరు గిరుక్కున వెనక్కి తిరిగారు. వాళ్ళు తిరగడం చూసి పిలుపు వాళ్ళకేననుకుంది మూడో అక్క జూరాన్. బంతి ఉన్నది తన కాళ్ళ దగ్గర. ఆ అర క్షణంలోనే అవతలి జట్టు మనిషి వెనకనుంచి వచ్చి మీద పడింది.

పేరు పెట్టి పిలిస్తే పోయేది కదా అంటారా? కోచ్ క్వాక్ ఆగస్టులోనే ఆ మాట అన్నాడు. "మైదానంలో అక్కల్లేరు. ఎంత పెద్దదైనా పేరే. అక్కా అని మర్యాదలు చేసేలోపు బంతి పోతోంది" అని హుకుం జారీ చేశాడు. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కొరియాలో ఏడాది పెద్దదైతే చాలు, అక్కే. ఆ పేరు నోట్లోంచి రమ్మన్నా రాదు. బిన్నా ఒక్కతే పిచ్చిమాలోకంలా ఆ మాట నమ్మింది. ఆ సాయంత్రం ప్రాక్టీసులో "జూరాన్, ఇటు!" అని అరిచింది. బంతి చక్కగా వచ్చింది, గోల్ కూడా పడింది.

జూరాన్‌కి ఒళ్ళు మండిపోయింది. పద్దెనిమిదేళ్ళ వయసులో ఈ జట్టులో చేరింది ఆమె. అప్పటి అక్కలు చెంచా ఎత్తేదాకా అన్నం ముట్టుకోలేదు. వాళ్ళ జెర్సీలు చన్నీళ్ళలో ఉతికి వేళ్ళు పగిలాయి. నోరు మూసుకుని పదహారేళ్ళు ఆడితే, చివరికి జట్టంతా తనని అక్కా అనే రోజొచ్చింది. ఆ ఒక్క సుఖమూ ఇప్పుడొచ్చిన కోచ్ లాగేసుకుంటానంటే ఊరుకుంటుందా?

కోచ్ కారు గేటు దాటాక చిన్నవాళ్ళందరినీ వరుసగా నిలబెట్టింది.

"బిన్నా, నా పేరేమిటే?"

"మీ... అక్కా, కోచ్ గారే కదా..."

"కోచ్ గారు నీతోపాటు హాస్టల్లో పడుకుంటారా? నాతో కదా ఉండేది. ముప్పై రౌండ్లు కొట్టు. మిగతావాళ్ళు చూస్తూ ఉండండి, మీకూ బుద్ధొస్తుంది."

ఇరవయ్యో రౌండులో ఆ పిల్ల కక్కుకుంది. నోరు తుడుచుకుని మళ్ళీ పరుగెత్తింది. మర్నాటినుంచి ఎవరి నోటా జూరాన్ పేరు రాలేదు.

అక్టోబరులో జరిగిందది, మోకాలి సంగతి. రెండుసార్లు కోసి కుట్టిన మోకాలే. ఇక ఆట ముగిసిందని డాక్టర్ మొహమాటం లేకుండా చెప్పాడు. తొమ్మిదేళ్ళ వయసునుంచి బంతి తప్ప మరొకటి ఎరగని మనిషి, ఏం చేసి బతుకుతుంది? దేవుడిలా క్లబ్బు డైరెక్టరు ఆసుపత్రికొచ్చి, వచ్చే ఏడాదినుంచి సహాయ కోచ్‌గా ఉండమన్నాడు. జూరాన్ దుప్పటి మొహంమీదికి లాక్కుని ఏడ్చింది.

చంకకర్రలతో హాస్టలుకి వచ్చిన రోజే క్వాక్ అందరినీ కూర్చోబెట్టి ఆ ఆట వీడియో వేశాడు. అక్కా అన్న కేక గది గోడలకు తగిలింది. తెరమీద రెండు తలలు తిరిగాయి, మూడోది తిరగలేదు. క్వాక్ అక్కడ ఆపాడు.

"బిన్నా, పేరు పెట్టి పిలవమన్నానా లేదా?"

"అన్నారు."

"మరి ఎవరు వద్దన్నారు?"

గదిలో అందరికీ తెలుసు. జూరాన్ నోరు తెరిచింది. చెబితే ఆ ఉద్యోగం ఉంటుందా? పిల్లల్ని చాటుగా పరుగెత్తించేదాన్ని కోచ్‌గా ఎవరు పెట్టుకుంటారు? తెరిచిన నోరు అలాగే మూసుకుంది.

"ఎవరూ కాదు కోచ్ గారూ. అలవాటులో వచ్చేసింది" అంది బిన్నా.

క్వాక్ ఇంకేమీ అడగలేదు. జూరాన్‌వైపు ఒకసారి చూసి దీపాలు వేశాడు.

రెండు వారాలు గడిచాయి. రోజూ రేపు చెబుదామనుకుంది జూరాన్. మందులు మింగినంత నిష్ఠగా ఆ మాట అనుకుంది, అంతకు మించి ఏమీ చేయలేదు. పదిహేనోనాడు పొద్దున భోజనాల గదిలో బిన్నా భుజాన సంచీతో కనిపించింది. వచ్చే ఏడాది జట్టులో పేరు లేదని ముందురోజు సాయంత్రమే చెప్పారట. ఒక్కో అక్క ముందూ నడుం వంచి సెలవు తీసుకుంది. జూరాన్ దగ్గరికి వచ్చి "కాలు జాగ్రత్తక్కా, మెట్లు దిగేటప్పుడు ఎవరినైనా పట్టుకోండి" అంది. జూరాన్ కంచంలోకి చూస్తూ తలూపింది.

బస్సు కదిలాక గాని ఆమెకు ధైర్యం రాలేదు. కర్రలు టకటకలాడించుకుంటూ క్వాక్ గదికి వెళ్ళి, నిలబడే మొత్తం చెప్పేసింది. ముప్పై రౌండ్లు, కక్కుకోవడం, అన్నీ.

క్వాక్ బార్లీ నీళ్ళు ఒక గుక్క తాగాడు.

"తెలుసు. ఆ పిల్ల మొహం చూసినప్పుడే తెలిసింది. నీ మోకాలు పోవడానికి ఆ పిల్లే కారణమని డైరెక్టరు తీసేయమన్న లిస్టు నిన్న మధ్యాహ్నందాకా నా సొరుగులోనే పెట్టుకున్నాను. నువ్వొచ్చి నిజం చెబుతావేమోనని."

"ఇప్పుడు వెనక్కి తీసుకోకూడదా?"

"సంతకాలైపోయాయి. ఆ చోటుకి వేరే పిల్ల వచ్చేసింది."

"అయితే నా ఉద్యోగం..."

"దానికేం. నీదీ సంతకమైపోయింది. సోమవారం వచ్చి చేరు."

తిట్టినా బాగుండేది. ఆయన తలెత్తలేదు.

గదికొచ్చి జూరాన్ ఫోన్ చేసింది. బస్సు హోరు వినిపించింది.

"చెప్పండక్కా."

"కోచ్‌కి చెప్పేశానే. తప్పు నాదేనని మొత్తం చెప్పేశాను."

"ఎప్పుడు చెప్పారు?"

"ఇందాక."

బస్సులో ఎవరో దగ్గారు, డ్రైవరు హారన్ కొట్టాడు.

"బిన్నా, తిట్టవే. పేరు పెట్టి తిట్టు. నాకదే కావాలి."

"ఎలా తిడతానక్కా" అంది ఆ పిల్ల. గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు, నిజంగానే తెలియక అడుగుతున్నట్టుంది. "నాకు రాదు. మీరే కదా నేర్పారు."

తర్వాత, ఇక్కడ సిగ్నల్ సరిగ్గా లేదని మర్యాదగా చెప్పి ఫోన్ పెట్టేసింది.