మల్లేశ్ అడిగిన ముక్క

వైదేహి ఆ చేతిని మల్లేశ్ మణికట్టుకు తొడిగి, పట్టీ లాగి బిగించింది. నీలం, నారింజ రంగుల ప్లాస్టిక్ వేళ్లు. వాటి మొదట్లో, ఫొటోలో బాగా కనబడేటట్టు, కంపెనీ లోగో.

“మణికట్టు కిందికి వంచండి మల్లేశ్ గారూ. నెమ్మదిగా.”

వంచాడు. లోపలి దారాలు లాగడంతో మూడు వేళ్లూ టకటకమని ముడుచుకున్నాయి. ఎత్తితే తెరుచుకున్నాయి. బల్ల మీదున్న ఖాళీ కాగితం కప్పును పట్టి లేపాడు. వైదేహి సంతోషం పట్టలేక చప్పట్లు కొట్టింది. ఆమె కాకినాడ అమ్మాయి. రెండేళ్లుగా ఈ కంపెనీ డిజైన్ ఆఫీసులో పనిచేస్తోంది. ఈ చేతి కోసం వారం రోజులు ఇంకో పని ముట్టుకోలేదు.

మల్లేశ్‌కు నలభై ఒకటి. జగిత్యాల జిల్లా రాయికల్ దగ్గర పల్లె. గల్ఫ్‌లో, అల్ ఖూజ్‌లోని ఈ కంపెనీ వర్క్‌షాపులో పదకొండేళ్లుగా ఏసీ గొట్టాలకు రేకు ముక్కలు కొట్టే ప్రెస్సు మీద ఉన్నాడు. ఉన్నాడు అనడం కంటే, మొన్న జూలై దాకా ఉండేవాడు అనాలి. జూలైలో ఆ ప్రెస్సు అతని కుడిచేతి నడిమి వేళ్లు మూడింటినీ తీసుకుంది. ఇది నవంబరు.

గాజు పెట్టెలో ఒక యంత్రం అటూ ఇటూ తిరుగుతూ, కరిగిన ప్లాస్టిక్‌ను దారంలా వదులుతూ, పొర మీద పొర పేరుస్తోంది. ఎవరో క్లయింటు కోసం నలభై అంతస్తుల భవనం నమూనా మోకాలెత్తు లేచింది.

“గీ మిషినే చేసిందా మేడం, ఈ చెయ్యి?”

“అవునండీ. ప్రింట్ అవడానికి పద్దెనిమిది గంటలు పట్టింది.”

“గట్టి సామాన్లు గూడ చేస్తదా? ఇనుము జాగల పెట్టేటివి?”

“కార్బన్ కలిపిన నైలాన్ ఉంది. చాలా గట్టిగా వస్తుంది. బజార్లో దొరకని పాత స్పేర్ పార్టులు ఇప్పుడు చాలామంది ఇలాగే చేసుకుంటున్నారు. విరిగిన ముక్క తెచ్చిస్తే చాలు, స్కాన్ చేసి అలాంటిదే తీయొచ్చు.”

మల్లేశ్ పెన్ను తీసుకుని ఎడమచేత్తో కాగితం మీద వంకరటింకరగా ఒక బొమ్మ గీశాడు. రెండు రెక్కలు, నడుమ గొట్టం. తలుపు బందులాంటిది.

“అరచేతంత ఉంటది. గిసొంటిది ఎంతసేపట్ల అయితది?”

వైదేహి బొమ్మ చూసింది. “ఐదు గంటలు. మహా అయితే ఆరు. దేనికండీ?”

మల్లేశ్ మెడ మీద నరం లేచింది. “ఐదు గంటలు” అన్నాడు. మళ్లీ అన్నాడు.

ప్రెస్సు ముందు గాజులాంటి ప్లాస్టిక్ పలక ఒకటి ఉంటుంది. దాన్ని గార్డు అంటారు. అది మూసి ఉంటేనే ప్రెస్సు కొడుతుంది, తెరిస్తే ఆగిపోతుంది. ఆ గార్డును పట్టి ఉంచే బందు మార్చిలో విరిగింది. యంత్రం పాతది, తయారుచేసిన ఇటలీ వాళ్లు ఆ మోడల్ ఎప్పుడో మానేశారు. ముక్క వచ్చేదాకా పని ఆగకూడదని గార్డు ఊడదీసి గోడకు ఆనించారు. గార్డు లేకపోయినా ప్రెస్సు తిరగాలి గనక దాని స్విచ్చికి రాగి తీగ చుట్టారు. మల్లేశ్ ఫోర్‌మన్‌కు చెప్పాడు. నెల తర్వాత మళ్లీ చెప్పాడు. మేనేజర్ భార్గవ్ వర్క్‌షాపుకు వచ్చిన ప్రతిసారీ ఎదురుపోయి చెప్పాడు. “ఇటలీ నుంచి రావాలయ్యా, నేనేమన్నా జేబులో పెట్టుకు తిరుగుతున్నానా?” అనేవాడు భార్గవ్. జూలైలో ఒక మధ్యాహ్నం రేకు అడ్డం పడింది. మల్లేశ్ దాన్ని తీయబోయాడు. ప్రెస్సు ఆగలేదు.

ఆసుపత్రిలో ఉండగానే రిపోర్టు రాసేశారు. ‘ఆపరేటర్ అజాగ్రత్త.’

ఇదంతా అతను నిలబడే చెప్పాడు. వైదేహి కుర్చీ లాక్కుని కూర్చుంది. కంప్యూటర్ వైపు తిరిగి ఏదో వెతికింది. దొరికాక తెర మల్లేశ్ వైపు తిప్పింది.

“ఏప్రిల్లో ఫోర్‌మన్ మెయిల్ పెట్టాడు. ఈ బందు ప్రింటర్ మీద చేయొచ్చా అని అడిగాడు. భార్గవ్ గారి జవాబు ఇది. ప్రింటర్ క్లయింట్ల నమూనాలకే, వర్క్‌షాప్ రిపేర్లకు వాడొద్దు, ఇటలీ ముక్క వచ్చేదాకా సర్దుకోండి.” మెయిల్ పైనున్న తన పేరు చూపించింది. “నాకూ కాపీ వచ్చింది. చదివాను.”

“సదివి?”

“ఊరుకున్నాను. నా పని కాదనుకున్నాను.”

మల్లేశ్ ఆమెను తిట్టలేదు. తిడితేనే బాగుండేదని వైదేహికి అనిపించింది. అతను చేతికున్నది ఊడదీయకుండానే తలుపు తోసుకుని మెట్లు దిగాడు. ఆమె వెనకే పరుగెత్తింది.

వర్క్‌షాపులో ఆరు ప్రెస్సులూ కొడుతున్నాయి. మల్లేశ్ ప్రెస్సు మీద ఇప్పుడు అల్లాబకాష్ ఉన్నాడు. కడప మనిషి, మల్లేశ్‌తో ఒకే గదిలో ఉంటాడు. అతని ముందు గార్డు లేదు. స్విచ్చికి అదే రాగి తీగ, ఎనిమిది నెలల దుమ్ముతో.

ఆసుపత్రి నుంచి వచ్చాక మల్లేశ్ ఒక్కసారి కూడా ఈ వరసలోకి రాలేదు. వాళ్లు సరిచేసి ఉంటారనే అనుకున్నాడు. మూడు వేళ్లు పోయాక కూడా చేయరని ఎవరనుకుంటారు? నేరుగా గోడ దగ్గరికి పోయి మెయిన్ స్విచ్చి కిందికి లాగాడు. ఆరు ప్రెస్సులూ ఒక్కసారిగా ఆగిపోయాయి.

“దిగు” అన్నాడు అల్లాబకాష్‌తో. “దిగుతవా లేదా?”

“నేనేం సేయాలన్నా? మేనేజర్ నిలబెట్టినాడు, నిలబడినా.”

“నేను గూడ గట్లనే నిలబడ్డ!” మల్లేశ్ గొంతు షెడ్డు రేకుల్లో మోగింది. “నువ్వు నా ఎదురుంగ కూసోని నాకు అన్నం కలిపి పెట్టినవ్ గదరా నాలుగు నెలలు! పొద్దుగాల వచ్చి ఇదే తీగ ముంగట నిలబడ్డవా? నాకొక్క మాట చెప్పలేదేందిరా?”

అల్లాబకాష్ తల దించుకున్నాడు. “చెప్తే ఊరుకోవని తెల్సన్నా. నీకేమైనా చేస్తారని బయం.”

యంత్రాల చప్పుడు ఆగేసరికి భార్గవ్ వచ్చాడు. విజయవాడ మనిషి, తెల్ల చొక్కా నలగనివ్వడు.

“ఏవయ్యా మల్లేశ్, ఏమిటీ గోల? రేపు గెస్టులు వస్తున్నారు. నీ కోసమే కదా ఇదంతా. చెయ్యి ఎంత బాగుందో చూడు. మనం తెలుగువాళ్లం కాబట్టి పట్టుబట్టి చేయించాను.”

మల్లేశ్ ప్లాస్టిక్ వేళ్లను అతని ముఖం ముందుకు ఎత్తాడు.

“చెయ్యి చేసెటందుకు మిషిను ఉన్నది. ఉన్న చెయ్యి కాపాడెటందుకు లేకపాయెనా సార్? నాలుగు నెలలు మొత్తుకున్న. ఐదు గంటల పనట!”

భార్గవ్ వైదేహి వైపు చూశాడు. తన ఉద్యోగానికి ముప్పని ఆ చూపుతోనే ఆమెకు అర్థమైంది. అయినా పక్కకు జరగలేదు.

“చూడు మల్లేశ్” అన్నాడు భార్గవ్ గొంతు తగ్గించి. “రేపు కప్పు ఎత్తి, నవ్వి, ఫొటో దిగు. ఖలాస్. నీకు స్టోర్లో నెమ్మదైన పని ఇస్తాను. లేదంటావా, ఊరికి టికెట్ రెడీగా ఉంది.” ఫోర్‌మన్ వైపు తిరిగి, “ఆన్ చెయ్” అన్నాడు.

ప్రెస్సులు మళ్లీ కొట్టడం మొదలుపెట్టాయి.

మరుసటి రోజు పదింటికి గెస్టులు వచ్చారు. గొట్టాలు కొనే పెద్ద కాంట్రాక్టు కంపెనీ వాళ్లు ఐదుగురు. వాళ్లలో జమీర్ అని లాహోర్ ఆయన సేఫ్టీ ఆఫీసర్. భార్గవ్ మైకు పట్టుకుని, తమ సంస్థ గాయపడిన కార్మికుడికి కొత్త జీవితాన్ని ఎలా ముద్రించి ఇచ్చిందో చెప్పాడు. సరిగ్గా ఆ మాటే అన్నాడు, ముద్రించి ఇచ్చామని. అందరూ చప్పట్లు కొట్టారు. మల్లేశ్ కప్పు ఎత్తాడు. కెమెరాలు టపటపలాడాయి.

జమీర్ దగ్గరికి వచ్చి హిందీలో అడిగాడు. “భాయ్, దీంతో ఇంకా ఏమేం చేయగలవు?”

“ఏమీ చేయలేను సాబ్” అన్నాడు మల్లేశ్ హిందీలోనే. “చాయ్ పోసిన గ్లాసు పట్టుకుంటే జారుతుంది. గుండీ పెట్టుకోలేను. అన్నం కలపలేను. ఇది కాగితం కప్పు ఎత్తుతుంది, అంతే.”

భార్గవ్ నవ్వుతూ మధ్యలోకి రాబోయాడు. మల్లేశ్ ఆగలేదు. “నా వేళ్లు ఎక్కడ పోయాయో చూస్తారా సాబ్? ఇక్కడే, యాభై అడుగులు. ఇప్పుడు ఇంకో మనిషి నిలబడి ఉన్నాడు. అతనికి పదివేళ్లూ ఉన్నాయి.”

“చలో” అన్నాడు జమీర్. “టూర్ ప్రోగ్రాంలో వర్క్‌షాప్ లేదు సార్” అంటూనే ఉన్నాడు భార్గవ్. జమీర్ అప్పటికే తలుపు దాటాడు.

ప్రెస్సు దగ్గర ఆయన ఎక్కువ మాట్లాడలేదు. వంగి రాగి తీగను వేలితో తాకాడు. ఫోన్‌తో ఫొటో తీశాడు. గోడకు ఆనించిన గార్డునూ తీశాడు. “ఇది ఎప్పటి నుంచి?” అని అడిగాడు. అప్పుడు వైదేహి ముందుకొచ్చి, “మార్చి నుంచి సార్” అని చేతిలో మడిచి పెట్టుకున్న కాగితం ఇచ్చింది. ఏప్రిల్ మెయిల్ అది. పొద్దున్నే అచ్చు తీసి తెచ్చుకుంది.

జమీర్ చదివి, ప్రెస్సు ఆపించి, స్విచ్చి పెట్టెకు తన చేత్తో తాళం వేశాడు. యంత్రాలన్నిటికీ గార్డులు పెట్టి చూపించేదాకా తమ కంపెనీ ఇక్కడి నుంచి ఒక్క గొట్టం కూడా తీసుకోదని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం రెండింటికి మోకాలెత్తు భవనాన్ని సగంలో ఆపేయమని పైనుంచి ఆర్డరు వచ్చింది. వైదేహి విరిగిన బందును స్కాన్ చేసి, నైలాన్ రీలు ఎక్కించింది. ఏడింటికి మొదటి బందు తయారైంది. ఇంకో ఇంజనీరుతో కలిసి మూడు రోజులు దాన్ని వంచి, బరువులు వేలాడదీసి, వేలసార్లు తెరిచి మూసి పరీక్షించింది. నాలుగోరోజు గార్డు ఎక్కింది. ఎలక్ట్రీషియన్ తీగ కత్తిరించి పారేశాడు.

వారం తర్వాత కంపెనీ ఒక వీడియో పెట్టింది. అందులో భార్గవ్ నల్లని బందును చేతిలో పట్టుకుని, తమ భద్రతా భాగాలు తామే తయారుచేసుకుంటున్నామని చెబుతున్నాడు. అది చూసి మల్లేశ్ ఫోన్‌ను మంచం మీదికి విసిరికొట్టాడు. మర్నాడు హెచ్ఆర్ నుంచి పిలుపు వచ్చింది. లోగో ఉన్న చెయ్యి కంపెనీ సొత్తు, తిరిగి ఇచ్చేయమన్నారు.

“తీసుకో” అని బల్ల మీద పడేశాడు. “షోకేసుల పెట్టుకోండ్రి.”

అక్కడి నుంచి తిన్నగా కార్మిక శాఖ ఆఫీసుకు పోయాడు. అల్లాబకాష్ తోడు వచ్చాడు. రాగి తీగ తాను చూశానని సంతకం పెట్టాడు. వైదేహి కూడా వచ్చింది. మెయిల్ తన కంప్యూటర్లోదేనని, తాను చదివి ఊరుకున్నానని, ఆ మాట కూడా దాచకుండా రాసి ఇచ్చింది. విచారణ మూడు నెలలు సాగింది. చివరికి రిపోర్టులో ‘ఆపరేటర్ అజాగ్రత్త’ అన్న మాట కొట్టేశారు, తప్పు యాజమాన్యానిదని రాశారు. భార్గవ్‌ను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు, వేరే బ్రాంచికి పంపారు. అక్కడ పెద్ద కుర్చీయే ఇచ్చారని విన్నారు.

వైదేహి కాంట్రాక్టును కంపెనీ పొడిగించలేదు. జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఓడల విడిభాగాలు ప్రింటు చేసే చిన్న కంపెనీలో చేరింది. ఒక శుక్రవారం ఫోన్ చేసి, “ఈసారి ఏం కావాలో మీరు చెప్పండి మల్లేశ్ గారూ. నేను చేస్తాను” అంది.

“వేళ్లు వద్దు మేడం. చెంచా కదలకుంట నిలబడాలె. అంతే.”

మూడుసార్లు తప్పాక నాలుగోది కుదిరింది. అరచేతికి తొడుక్కునే నల్లని పట్టీ, దాని మీద ఒక గాడి. చెంచా, దువ్వెన, పెన్ను, ఏది పెట్టినా బిగుసుకుని కూర్చుంటుంది. చూడ్డానికి చేయిలా ఉండదు. మల్లేశ్ దాంతో తింటాడు.

రిపోర్టు మారాక కంపెనీ అతన్ని పంపేయలేదు, ఇప్పుడు స్టోర్లో పనిచేస్తున్నాడు. ఎవరూ చెప్పకపోయినా, రోజూ షిఫ్టుకు పావుగంట ముందే వర్క్‌షాపుకు పోయి ఆరు గార్డులూ తెరిచి మూస్తాడు. ఏది కొంచెం వదులైనా పని మొదలు కానివ్వడు, అరుస్తాడు. కొత్తగా వచ్చినవాళ్లు అతన్ని కోపిష్టి అంటారు. మొన్న కొత్త ఫోర్‌మన్ కూడా, “ఇంకా ఎందుకంత కోపం మల్లేశ్, అంతా బాగైంది కదా?” అన్నాడు.

మల్లేశ్ ఐదో ప్రెస్సు గార్డును గుంజి చూస్తూ, తల తిప్పకుండానే అన్నాడు. “బాగయినంక గూడ కోపం ఉండాలె. జర పక్కకు జరుగు, ఇంకొకటి చూసేదుంది.”