దర్వాజ కాళ్లు

తాహెరా తీసే దేవదారు నూనె వట్టి నీళ్లేనని సిద్దిపేట వడ్రంగుల్లో పుకారు లేచింది. ఇబ్రహీంపూర్ సిద్ధయ్య ఇంటి దర్వాజకు ఆ నూనె పట్టించినా రెండేళ్లకే చెదలు ఎక్కాయట. ఆ మాట ఆయనే దుకాణం దుకాణం తిరిగి చెప్పాడు. వడ్రంగి మజహర్ తన దగ్గరున్న సీసాలన్నీ వాపసు పంపేశాడు. మజహర్ కొనకపోతే ఇంకెవరూ కొనరు. తాహెరా బతుకుదెరువు మూతబడ్డట్టే.

ఇంకొకరైతే కూర్చుని ఏడ్చేవారేమో, తాహెరాకు మాత్రం ఒళ్లు మండింది. దేవదారు రంపపు పొట్టు తెచ్చి, రాగి బిందెలో ఉడకబెట్టి, ఆవిరిని చల్లార్చి చుక్క చుక్క పట్టిన నూనె అది! ఆ దర్వాజకు నేలలో దిగే రెండు కాళ్లకూ నూనెగుడ్డలు జానెడు ఎత్తున చుట్టి, మూడు రోజులు తానే కాపలా కాసింది. అట్లాంటిది చెదలెట్లా పడతాయి? మర్నాడు పొద్దున్నే ఇబ్రహీంపూర్ బస్సెక్కింది.

సిద్ధయ్య ఇంటి గడప దగ్గర చెదల మట్టి గీతలు నిజంగానే ఉన్నాయి. తాహెరా వంగి, దర్వాజ కాలు అడుగున కట్టెను గోటితో గీరి వాసన చూసింది. నూనె జాడే లేదు.

"పటేలా, కాళ్లు ఎవరు కోసిన్రు?"

ఎత్తు లెక్కకు కుదరలేదని సిద్ధాంతి అంటే, నిలబెట్టే రోజు మేస్త్రీతో జానెడు కోయించానన్నాడు సిద్ధయ్య. నూనె పట్టిన భాగమే పోయిందని ఆ పెద్దమనిషికి తట్టనే లేదు. ముక్కలేమయ్యాయని అడిగితే పొయ్యిలో పడి ఉంటాయన్నాడు.

ఆయన భార్య రామవ్వ ఊరుకుంటుందా! పసుపు రాసిన దర్వాజ కట్టెను ఎవరైనా పొయ్యిలో పెడతారా అని మొగుణ్ణి కసిరి, పెరట్లో నీళ్లకుండ కింద ఎత్తుగా పెట్టిన రెండు ముక్కల్నీ లాగి తెచ్చింది. రెండేళ్లు తడి మట్టిలో ఉన్నాయి. చుట్టూ నేలంతా చెదలే. ముక్కల మీద మాత్రం ఒక్క గాటు లేదు, గీరితే వాసన గుప్పుమంది.

"నా నూనె ఓడిపోలే పటేలా. మీరే దాన్ని కోసి అవతల పెట్టిన్రు" అంది తాహెరా.

ముక్కలు మజహర్‌కు చూపించి తెస్తానని చెయ్యి చాపింది. రామవ్వ ఇవ్వలేదు. వాటిని మొగుడి చేతిలో పెట్టింది.

"మాట మోసినోడివి నువ్వు. ఇవి గూడ నువ్వే మొయ్యి."

ఆ మధ్యాహ్నం మజహర్ దుకాణంలో నలుగురు వడ్రంగుల ముందు సిద్ధయ్య సంచి విప్పి, రెండు ముక్కలూ బల్ల మీద పెట్టాడు.

"వాసన చూడున్రి. తప్పు నాది" అన్నాడు.

మజహర్ ముక్కను ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు దించలేదు. వాపసు పంపిన సీసాలు ఎప్పుడు తెస్తావని వెంట వచ్చిన తాహెరాను అడిగాడు.

"నువ్వే వచ్చి తీస్కపో అన్నా" అందామె.