గొర్రుకు అంటిన మట్టి

లీఫ్ ట్వేట్‌కు ఏప్రిల్ నెలాఖరున పక్షవాతం వచ్చింది. ఎడమ చేయి, ఎడమ కాలు, సగం నోరు పడిపోయాయి. ఆయన సస్కటూన్ పట్నంలో ఆస్పత్రిలో పడి ఉంటే, ఇక్కడ మే నెల సగం గడుస్తున్నా ఆయన పొలంలో ఒక్క గింజ పడలేదు.

ఇలాంటప్పుడు ఈ చుట్టుపక్కల ఎవరూ ఎవరినీ బతిమాలరు. ఇంటి రైతు మంచాన పడితే ఇరుగుపొరుగు వాళ్లంతా తమ ట్రాక్టర్లూ విత్తే గొర్రులూ తోలుకుని వచ్చేస్తారు. చీకటి పడేలోగా పొలమంతా విత్తేసి, పెట్టింది తిని, ఎవరిదారిన వాళ్లు పోతారు. వచ్చినవాళ్లను ఎవరూ ప్రత్యేకంగా పొగడరు. రానివాణ్ణి మాత్రం చచ్చేదాకా మర్చిపోరు.

అందుకే పొరుగు రైతు వాల్టర్ బోద్నార్‌చుక్ ఫోన్ చేసినప్పుడు లేసియా హరసిమ్‌చుక్‌కు భయం పట్టుకుంది.

"రేపు పొద్దున్నే లీఫ్ పొలం దగ్గరికొచ్చెయ్ లేసియా. నీ గొర్రే అందరికంటే వెడల్పు. ముందు నువ్వు దిగితే నీ వెనకాల మేం దిగుతాం. మీ తమ్ముడికి చెప్పు, పెరోగీలు తినడం మీద ధ్యాస తగ్గించి గింజల మీద పెట్టమని" అని వాల్టర్ పకపకా నవ్వాడు.

"వస్తాం" అంది లేసియా. రానని ఎలా అంటుంది?

ఆమె భయమేమిటో తోడబుట్టిన తమ్ముడు మెట్రోకు కూడా తెలియదు. పోయిన ఆగస్టులో వాళ్ల తూర్పు చేలో, దారి మొగదల దగ్గర, నూనెగింజలకు వేసిన కనోలా మొక్కలు అక్కడక్కడా వాడిపోయి ముందే పసుపు తిరిగాయి. ఎండకేమో అనుకుంటూ ఒక మొక్క పీకి చూసింది. వేరు ఉండాల్సిన చోట అల్లం కొమ్ములా ఉబ్బిన బుడిపెలున్నాయి. ఇంకోటి పీకింది, అదీ అంతే. చలికాలం రైతుల మీటింగుల్లో తెర మీద ఆ బొమ్మ వేసి చూపించినప్పుడల్లా వెనక బెంచీలో కూర్చుని, తనది కాదులెమ్మని కాఫీ తాగిన మనిషి ఆమె. ఆ తెగులు మట్టిలో చేరితే ఇరవై ఏళ్లు పోదు. చక్రానికి అంటిన మట్టితో పొలం నుంచి పొలానికి పోతుంది. దానికి మందు లేదు. తట్టుకుంటుందని అమ్మిన విత్తనమే ఆమె వేసింది. అదీ తట్టుకోలేదు.

తప్పెవరిదో కూడా ఆమెకు తెలుసు. కనోలాకూ కనోలాకూ మధ్య మూడేళ్లు వేరే పంట వెయ్యాలి. కానీ రేటు బాగుందని అందరూ ఏడాది విడిచి ఏడాది వేసేశారు. "మా పంటమార్పిడి ఏంటంటే, కనోలా, మంచు, మళ్లీ కనోలా" అని వాల్టర్ జోకు వేస్తే పడిపడి నవ్వినవాళ్లలో తనూ ఉంది. నాలుగేళ్లకోసారి తప్ప కనోలా ముట్టుకోనివాడు లీఫ్ ఒక్కడే. అతన్ని అందరూ చాదస్తుడనేవాళ్లు.

ఆ వాడిన మొక్కలన్నీ తనే పీకి, గోతాల్లో కుక్కి, కాల్చేసింది. మెట్రో అడిగితే కలుపు అంది. చెప్తే ఏమవుతుందో ఆమెకు కళ్లకు కట్టినట్టు కనిపించింది. సాగు చేస్తున్న దాంట్లో సగం భూమి కౌలుది. కౌలుకిచ్చిన ప్రోకోపివ్ టీచరమ్మ మర్నాడే వెనక్కి తీసుకుంటుంది. ఊళ్లో ఎవరూ ఆమె బండిని తమ వాకిట్లో ఆగనివ్వరు. తాత అడవి కొట్టి చదును చేసిన భూమికి ఆమె చేతుల మీదుగా చెడ్డపేరు వస్తుంది. అందుకని నోరు మూసుకుంది. మూసిన నోరు తెరవడం రోజురోజుకీ కష్టమైంది.

మొన్ననే ఆ తూర్పు చేలో గోధుమ విత్తింది. మధ్యలో వాన పడింది. తడిమట్టి గొర్రు నాగళ్లకీ, చక్రాల సందుల్లోకీ ముద్దముద్దలుగా పట్టుకుంది.

ఫోన్ పెట్టేసి ఆమె గొట్టంతో గొర్రును కడగడం మొదలుపెట్టింది. నీళ్లు కొట్టింది, గోకింది, బ్లీచింగ్ కలిపి మళ్లీ కొట్టింది. పైనుంచి చూస్తే మెరిసిపోతోంది. కిందకి దూరి చూస్తే ఒక్కో బోల్టు వెనకా నల్లటి పిడచ. ఒకటి తీస్తే ఇంకోటి కనబడింది. ఆ నాగళ్లన్నీ విప్పి కడగాలంటే వారం పడుతుంది. తీసిన మట్టి ఆమె బూట్ల మీదే పడుతోంది.

మెట్రో వచ్చి నిలబడి నవ్వాడు. "ఏంటక్కా, గొర్రుకి పెళ్లి చేస్తున్నావా? వెళ్లి మళ్లీ బురదలోనే కదా దింపేది."

"గింజల్ని ఊదే పంకా సరిగ్గా తిరగట్లేదురా. గింజ సమంగా పడదేమో. రేపు మనం మానేస్తే..."

"చూస్తానుండు." మెట్రో మూత విప్పి, లోపల ఇరుక్కున్న గడ్డి లాగి పారేసి, మళ్లీ బిగించాడు. పంకా హాయిగా తిరిగింది. "ఇంతోటిదానికే మానేస్తావా? వీధిలో తలెత్తుకోగలమా తర్వాత?"

ఆమెకు ఏడుపు వచ్చినంత పనైంది. తమ్ముడి పనితనాన్ని జీవితంలో మొదటిసారి తిట్టుకుంది.

మర్నాడు పొద్దున కంకర రోడ్డు మీద ట్రాక్టర్ తోలుతూ ఆమె ముందుకు చూసిందానికంటే అద్దంలో వెనక్కి చూసింది ఎక్కువ. గతుకు వచ్చినప్పుడల్లా గొర్రు కింద నుంచి ఏదో రాలినట్టే కనిపించింది. రాలిపో, ఇక్కడే అంతా రాలిపో అనుకుంది. అంతలోనే, ఇక్కడ రాలితే ఇంకెవరి చక్రానికి అంటుకుంటుందో అనుకుంది.

లీఫ్ పొలం మొగదల అప్పటికే సందడిగా ఉంది. నది అవతల నుంచి ఫ్రీసెన్ అన్నదమ్ములు రెండు గొర్రులతో వచ్చి ఓ పక్కన ఆగారు. లీఫ్ భార్య ఇంగా మడత బల్ల మీద కాఫీ, అన్నం కూరిన క్యాబేజీ చుట్టలు పెట్టి అందరికీ అందిస్తోంది. రాత్రంతా ఆస్పత్రిలో ఉండి తెల్లవారుజామున వచ్చిందట. కళ్లు వాచి ఉన్నాయి.

"మాట సరిగ్గా రాకపోయినా ఒకటే పోరు" అంటూ ఇంగా నవ్వబోయింది. "గింజ అర అంగుళం లోతుకి మించొద్దట. నత్రజని ఎరువు గింజ మీద పడకూడదట, పక్కన వెయ్యాలట. పడితే మొలక మాడిపోతుందట. రాత్రి నాచేత మూడుసార్లు అప్పజెప్పించుకున్నాడు. ఈ చేలో కనోలా వేసి నాలుగేళ్లయింది, మళ్లీ ఇప్పుడే. దీని మీదే ప్రాణాలు పెట్టుకున్నాడు."

"ఆ చాదస్తుడికి పక్షవాతం నాలిక్కి కాదు, చేతికొచ్చింది" అన్నాడు వాల్టర్. ఇంగా కూడా నవ్వేసింది. "పద లేసియా, దిగు. ఎండెక్కుతోంది."

లేసియా ట్రాక్టర్ ఎక్కింది. గేరు వేసింది. ముందు చక్రాలు మొగ దాకా వచ్చాయి. ఎదురుగా దున్ని చదును చేసిన నల్లటి నేల, ఒక్క మచ్చ లేకుండా, పరిచిన దుప్పటిలా ఉంది. ఆమె కాలు బ్రేకు మీద బిగుసుకుపోయింది. వెనక వాల్టర్ హారన్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు.

ఆమె ఇంజన్ ఆపి కిందికి దిగింది.

"నా గొర్రు లోపలికి రాకూడదు" అంది. "మా తూర్పు చేలో వేరు బుడిపెలున్నాయి."

వాల్టర్ దిగి వచ్చాడు. "ఎప్పట్నుంచి?"

"పోయిన ఆగస్టు నుంచి."

"కలుపన్నావు కదక్కా!" అన్నాడు మెట్రో.

"ఆగస్టా?" వాల్టర్ మొహం కందిపోయింది. "తొమ్మిది నెలలు కడుపులో పెట్టుకు కూర్చున్నావా? నువ్వసలు మనిషివేనా? నేను రోజూ నీ తూర్పు చేను మీదుగానే కదే అడ్డదారిన పోతా! నా బండి... నా..." మాట మధ్యలోనే ఆగిపోయాడు. వెనక్కి తిరిగి తన గొర్రు వైపు చూశాడు. దాని చక్రాలకు అంటిన మట్టిని ఇంత సేపు చూడనట్టు చూశాడు. పెద్ద మనిషి, ఎవరికీ తగ్గని నోరు, ఒక్కసారిగా వెలవెలబోయాడు. మెల్లగా వెళ్లి తన ఇంజన్ కూడా ఆపేశాడు. రోడ్డు అంచున కూర్చుని తల పట్టుకున్నాడు.

ఫ్రీసెన్ పెద్దవాడు గొంతు సవరించుకున్నాడు. "మావి నది దాటొచ్చినవి. మా వైపు ఇంతవరకూ లేదు. మేమిద్దరం దిగుతాం. సాయంత్రం దాకా పట్టినా సరే." వాళ్ల రెండు గొర్రులు పొలంలోకి దిగి దూరంగా సాగిపోయాయి. వాటి వెనక దుమ్ము లేచింది.

లేసియాకు కొంచెం ఊపిరి అందింది. పేరు పోయింది, కౌలు పోతుంది, వాల్టర్ మళ్లీ పలకరిస్తాడో లేదో. అయినా లీఫ్ చేను మిగిలింది. ఆ ఒక్క పనైనా సరిగ్గా చేశాననుకుంది.

ఇంగా ఆమె దగ్గరికి వచ్చింది. కోపంగా లేదు. అంతకంటే భయంగా ఉంది ఆమె చూపు.

"లేసియా, పోయిన సెప్టెంబర్లో మా బార్లీ లారీ ఈ చేలోనే కూరుకుపోయింది. నువ్వే ట్రాక్టర్ తెచ్చి లాగావు. గుర్తుందా?"

ఆ రోజు కనోలా కోత మధ్యలో ఇంగా ఫోన్ చేస్తే అలాగే పరిగెత్తుకొచ్చింది. తూర్పు చేలోంచే. చక్రాలకు జానెడు మందాన బురద. అప్పుడా ఆలోచనే తట్టలేదు. ఇప్పటిదాకా కూడా తట్టలేదు.

"అప్పటికే ఉందా?" అంది ఇంగా.

"ఉంది."

"ఎక్కడ నిలబెట్టావు ట్రాక్టర్?"

లేసియా చెయ్యెత్తి చూపించింది. ఉత్తరాన, నీళ్లు నిలిచే పల్లం పక్కన. ఫ్రీసెన్ల గొర్రులు తిన్నగా దాని మీదికే పోతున్నాయి. అవి ఆ పల్లం దాటితే అక్కడి మట్టిని ఈ చేనంతటికీ తామే పంచుతాయి. సాయంత్రానికి నది అవతలికి కూడా మోసుకుపోతాయి.

ఇంగా పరుగు తీసింది. వాచిన కళ్లతో, రెండు చేతులూ ఊపుతూ, మెత్తటి దుక్కిలో పడుతూ లేస్తూ, "ఆగండి! అటు పోకండి! ఆగండర్రా!" అని అరుస్తూ పరిగెత్తింది. ఇంజన్ల మోతలో ఆమె కేక వాళ్లకు వినిపించడం లేదు.

లేసియా కూడా ఆమె వెనకే పరిగెత్తబోయింది. మెట్రో ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకుని ఆపాడు.

"నీ బూట్లక్కా" అన్నాడు.