టేపు చుట్టిన తీగ

నేను కోపిష్టిని. మా ఆవిడ అరుణకుమారిని అడిగితే ఇంకాస్త కలిపి చెబుతుంది. పైగా ఇరవై ఆరేళ్లు సాఫ్ట్‌వేర్‌లో ఇతరుల తప్పులు వెతికి బతికినవాణ్ని.

మొయినాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాక పాత రికార్డు ప్లేయరొకటి కొన్నాను. సూది నుంచి వచ్చే శబ్దం మరీ సన్నం. దాన్ని స్పీకర్లకు సరిపడా పెంచడానికి ప్రీయాంప్ అనే చిన్న పెట్టె కావాలి. బజార్లో దొరుకుతుంది, అయినా నేనే చేస్తానని పట్టుబట్టాను. మూడు నెలలు వీడియోలు చూసి, వేళ్లు కాల్చుకుని, స్టీలు టిఫిన్ డబ్బాలో బిగించాను. ప్లేయరు వెనకనుంచి రెండు వైర్లు, వాటితోపాటు ఒక సన్న తీగ వచ్చాయి. వైర్లకు డబ్బాలో చోటుంది. తీగ ఎందుకో తెలియలేదు. టేపు చుట్టి లోపలికి మడిచేశాను.

ఆదివారం పొద్దున ఇరుగుపొరుగును కాఫీకి పిలిచి సూది పెట్టాను. పాట వెనకాల గుయ్యిమని ఒకటే రొద. పక్కింటాయన నవ్వు దాచుకోలేకపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

"నా డబ్బాలో లోపం లేదండీ, ఈ ఇంటికి ఎర్తింగే సరిగా లేదు" అన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. మా ఇంటి వైరింగ్ చేసింది పక్క ఊరు సురంగల్‌లో ఉండే యాదగిరి. ఎర్తింగ్ గుంతలో రాగి పలక పాతాలి. అందరూ కాఫీ తాగుతుండగానే కాలనీ వాట్సాప్ గ్రూపులో రాశాను: "యాదగిరి రాగి పలక అమ్ముకుని ఇనుప ముక్క పాతాడు. దొంగ. ఎవరూ పని ఇవ్వకండి." క్లబ్‌హౌస్ వైరింగ్ అతనికే ఇద్దామనుకున్నారు. సాయంత్రానికి అది పోయింది.

ఎవరో ఫోన్ చేసి చెప్పారట, మర్నాడు పార పట్టుకుని వచ్చాడు.

"తవ్వుత సార్. నువ్వు జర నిలబడి చూడు" అన్నాడు.

మే నెల ఎండ. ఉప్పూ బొగ్గూ కలిసిన నల్లమట్టి తోడి, నడుం లోతు గుంతలో దిగి పలకను చేత్తో తుడిచాడు. చిలుము పట్టిన రాగి. దానిమీద మేకుతో గీసిన గుండ్రటి అక్షరాలు: సీతారామారావు సార్. ఏ ఇంటికి పెట్టినా ఆ ఇంటాయన పేరు గీకి పెడతాడట. నా పేరు నాకే చదవబుద్ధి కాలేదు.

చేతులు కడుక్కుని లోపలికొచ్చి రొద విన్నాడు. ప్లేయరు వెనక వేలు పెట్టి, నేను చుట్టిన టేపు విప్పాడు.

"పెండ్లిళ్లకు మైకుసెట్లు పెట్టినోన్ని సార్. ఈ తీగ డబ్బకు తగలాలె. లేకుంటె గిట్లనే గుయ్యిమంటది."

తీగ కొసను డబ్బాకు ఆనించాడు. రొద ఆగింది. పాట ఒక్కటే మిగిలింది. అతను గుంత పూడ్చి వెళ్లిపోయాడు. కూర్చోమని కూడా నేను అనలేదు.

ఆ రాత్రి గ్రూపులో రాశాను: "సమస్య తీరింది. అందరికీ ధన్యవాదాలు." పదకొండు బొటనవేళ్లు వచ్చాయి. అరుణకుమారి చూసి, "ఇంతేనా?" అంది. తర్వాత రెండు రోజులు ఏ రికార్డు పెట్టినా సిగ్గుతో చచ్చిపోయాను. మూడోనాడు సురంగల్ వెళ్లాను.

యాదగిరి భార్య నిర్మల వాకిట్లో కుర్చీ వేసింది.

"గ్రూపులో రాసేశాను యాదగిరీ, అంతా సర్దుకుంది" అన్నాను.

"నేను ఆ గ్రూపుల లేను సార్. ఏం రాసినవో మొదటికెల్లి సదువు."

చదివాను. "దొంగ" దగ్గర గొంతు తగ్గించాను. నిర్మల నీళ్ల చెంబుతో గుమ్మంలోనే నిలబడిపోయింది. రెండోది కూడా చదివాను.

అతను కోప్పడలేదు. "దొంగను గానని ఏడ రాసినవో గది సదువు సార్" అన్నాడు.

వెతుకుతున్నట్టు ఫోన్‌ను పైకీ కిందికీ జరిపాను. అది అందులో లేదని ముగ్గురికీ తెలుసు. చివరికి అక్కడే కూర్చుని రాశాను. పంపేముందు అతనికి వినిపించాను: "రాగి పలక ఉంది. తీగ కలపనిది నేను. యాదగిరి దొంగ కాదు, తప్పు నాది."

"జర పెద్దగ సదువు సార్" అన్నాడు. "నిర్మలకు ఇనబడలే."